ఊఁ కొట్టే చోటే మాట సాగుతుంది: పిల్లల మాటకు గిట్టుబాటు కల్పించే పద్ధతి

మా మామ్మ కథ చెబుతూ చెబుతూ మధ్యలో టక్కున ఆపేసేది. "ఊఁ కొట్టరేటి? తొంగున్నారేటర్రా?" అని కసిరేది. అరుగు మీద పడుకున్న నలుగురమూ ఒక్కసారే "ఊఁ" అనేవాళ్ళం. ఏడుగురు రాకుమారులూ మళ్ళీ వేటకు కదిలేవాళ్ళు. ఊఁ లేని కథ మామ్మ నోట రెండు నిమిషాలు కూడా నిలిచేది కాదు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక ప్రయోగం గురించి చదువుతుంటే ఆ అరుగే గుర్తొచ్చింది. 1955లో అమెరికాలో జోయెల్ గ్రీన్‌స్పూన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొంతమందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, నోటికొచ్చిన మాటలు చెబుతూ పొమ్మన్నాడు. బహువచనం వచ్చినప్పుడల్లా, అంటే మన లెక్కలో కుక్కలు, చెట్లు, పడవలు లాంటి మాట వచ్చినప్పుడల్లా, ఆయన మెల్లగా "ఊఁ" అన్నాడు. అంతకు మించి ఏమీ చెయ్యలేదు. బహువచనాలు పెరిగాయి. తర్వాతి పరిశోధకులు దీన్ని గట్టిగానే ప్రశ్నించారు. సంగతి పసిగట్టినవాళ్ళలోనే ఆ మార్పు ఎక్కువని కొందరు చూపించారు కూడా. అయినా మా మామ్మ కథ విన్నవాళ్ళెవరూ వినేవాళ్ళ ఊఁకి బలం లేదని అనలేరు.

నేను శ్రీకాకుళం జిల్లాలో, వంశధార ఒడ్డు పల్లెల్లో ప్రాథమిక బడి టీచర్ని. తోటి టీచర్లకీ, అంగన్‌వాడీ కార్యకర్తలకీ, కొడుకూ కోడలూ విశాఖపట్నానికో చెన్నైకో పనికెళ్తే మనవల్ని సాకుతున్న తాతలకీ మామ్మలకీ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. ఖర్చు లేదు. ఒక నోటుబుక్కూ పెన్సిలూ ఉంటే చాలు. ఓపిక మాత్రం కావాలి, అదీ మొదటి నెల రోజులే.

ముందుగా: పునర్బలనం అంటే బహుమతి కాదు

టీచర్ ట్రైనింగులో ఈ మాట అందరం బట్టీ పట్టినవాళ్ళమే. ఒక పని చేసిన వెంటనే వచ్చిన ఫలితం వల్ల ఆ పని మళ్ళీ మళ్ళీ జరగడం పెరిగితే, ఆ ఫలితం పునర్బలనం. పెరిగిందా లేదా అన్నదొక్కటే లెక్క. మీరు చాక్లెట్ ఇచ్చినా మాట పెరగకపోతే అది పునర్బలనం కాదు. మీరు తిట్టినా ఆ అల్లరి మాట పెరుగుతోందంటే మీ తిట్టే పునర్బలనం.

మన రైతులకు దీనికి చక్కటి మాట ఉంది: గిట్టుబాటు. గిట్టుబాటైన పంటే మళ్ళీ వేస్తారు. మాటా అంతే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1957లో వేసిన ‘వెర్బల్ బిహేవియర్’ పుస్తకంలో చెప్పిన మూల సంగతి కూడా ఇదే. మాట్లాడటమూ ఒక పనే, కాకపోతే దాని ఫలితం మరో మనిషి మీదుగా వస్తుంది. దాహమేసిన పిల్ల కుండ దగ్గరికి నడిస్తే నీళ్ళు నేరుగా దొరుకుతాయి. "అమ్మా, నీళ్ళు" అంటే అమ్మ చేతిమీదుగా దొరుకుతాయి. ఆ అమ్మ పలక్కపోతే ఆ మాటకు గిట్టుబాటు లేదు. రేపు పిల్ల ఏడుస్తుంది, లేదా ఊరుకుంటుంది.

మొదటి మెట్టు: వారం రోజులు ఊరికే చూసి రాయండి

ఏదీ మార్చకుండా మొదలుపెట్టండి. ఇదే అందరూ దాటేసే మెట్టు. నోటుబుక్కులో పేజీని మూడు నిలువు గళ్ళు చెయ్యండి. ముందు ఏం జరిగింది, పిల్ల ఏమంది, వెంటనే ఏం జరిగింది. రోజుకు అయిదారు సందర్భాలు చాలు. పిల్ల అన్న మాటను అన్నట్టే రాయాలి, దిద్దకూడదు. మూడో గడిలో మీ మొహం, మీ చెయ్యి, పక్క పిల్లల నవ్వు, అన్నీ రావాలి.

నా పాత నోటుబుక్కులో ఒక పేజీ ఇది. రెండో తరగతి పిల్ల.

సోమవారం. నేను: "నిన్నెందుకు రాలేదమ్మా?" పిల్ల: "నాను మాయప్పోళ్ళ ఊరెల్లినానండి." వెంటనే నేను: "నాను కాదు, నేను. ఎల్లినాను కాదు, వెళ్ళాను. మళ్ళీ చెప్పు." తరగతి నవ్వింది. పిల్ల మళ్ళీ చెప్పలేదు.

మంగళవారం. నేను: "మీ అప్పోళ్ళ ఊళ్ళో ఏం చూశావు?" పిల్ల భుజాలెగరేసింది. నేను పక్క పిల్లని అడిగాను.

గురువారం. నేను: "ఈ బొమ్మలో ఏముంది?" పిల్ల: "తెల్దండి."

ఆ బొమ్మలో ఉన్నది గేదె. వాళ్ళింట్లో రెండు గేదెలున్నాయి.

ఆ పేజీ రాసుకున్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాలుగు మాటల వాక్యం నాలుగో రోజుకల్లా ఒక్క మాటకు దిగిపోయింది, అదీ తప్పించుకోవడానికి పనికొచ్చే మాట. "తెల్దండి" అంటే నేను వదిలేస్తున్నాను కాబట్టి "తెల్దండి" గిట్టుబాటైంది. చిరాకు తప్పించే ఫలితం కూడా మాటను పెంచుతుంది. దీన్నే పుస్తకాలు ఋణాత్మక పునర్బలనం అంటాయి. చాలామంది దాన్ని దండన అనుకుంటారు, కాదు. దండన మాటను తగ్గిస్తుంది. ఇక్కడ ఒక మాట తగ్గింది, ఇంకో మాట పెరిగింది, రెండూ నా చేతిమీదుగానే. నవ్విన పిల్లలు కూడా ఇంటికెళ్తే "నాను" అనేవాళ్ళే.

రెండో మెట్టు: ఏ మాటకు ఏ గిట్టుబాటో తేల్చుకోండి

వారం అయ్యాక నోటుబుక్కు ముందేసుకుని, ప్రతి మాట పక్కనా అది దేనికోసం పుట్టిందో ఒక గుర్తు పెట్టండి. స్కిన్నర్ మాటల్ని వాటి రూపాన్ని బట్టి కాక, పుట్టుకనూ ఫలితాన్నీ బట్టి విడదీశాడు. మన పనికి నాలుగు రకాలు చాలు.

అడిగే మాట: "బువ్వెట్టు", "బంతియ్యి". ఆకలో కోరికో పుట్టిస్తుంది, అడిగిన వస్తువే దాని గిట్టుబాటు. చూసి చెప్పే మాట: "అదిగో గూడబాతు", "ఆన కురుస్తంది". కళ్ళెదుట ఉన్నదేదో పుట్టిస్తుంది, ఇంకొకరు అటు తిరిగి చూడటమే దాని గిట్టుబాటు. విని మళ్ళీ అనే మాట: మీరు "ఆవు" అంటే "ఆవు" అనడం. మాటకు మాట: మీరు ప్రశ్న వేస్తే జవాబు, మీరు "చందమామ రావే" అంటే వాళ్ళు "జాబిల్లి రావే".

ఇక్కడ బళ్ళలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. మా జిల్లాలో వలస పక్షులు దిగే తేలినీలాపురం దగ్గరి పిల్లవాడు శీతకాలంలో పరుగున వచ్చి "మేడం, గూడబాతులొచ్చీసినాయండి!" అంటాడు. మనం "సరే, కూర్చో, ఎక్కాలు తియ్యి" అంటాం. వాడు పెన్సిలూ అడగలేదు, చాక్లెట్టూ అడగలేదు. మనం ఒక్కసారి కిటికీ వైపు తిరిగి "ఎక్కడ? ఎన్నున్నాయి?" అంటే చాలు. అటు తిరగని టీచర్ దగ్గర, చూసి చెప్పే మాటలు నెల తిరక్కుండా ఎండిపోతాయి. తర్వాత అదే టీచర్ "పర్యావరణం పాఠంలో పిల్లలు నోరు విప్పరు" అంటుంది. నేనూ అన్నాను.

ఇంకో సంగతి. బొమ్మ చూపిస్తే "నీళ్ళు" అనే పిల్ల, దాహమేసినప్పుడు "నీళ్ళు" అని అడగకపోవచ్చు. పైకి ఒకే మాటలా కనిపించినా లోపల రెండు వేర్వేరు పనులు. మాట ఆలస్యమైన పిల్లల దగ్గర, ఆటిజం ఉన్న పిల్లల దగ్గర ఇది స్పష్టంగా కనబడుతుంది. పలక మీద వంద బొమ్మల పేర్లు నేర్పి, అడగడం నేర్పకపోతే ఆ పిల్లకు రోజు గడవదు. అందుకే మొదట అడిగే మాటకే గిట్టుబాటు కల్పించండి.

బూతులు, అరుపులు, పుస్తకం విసిరెయ్యడం కూడా ఇదే లెక్కలో చూడాలి. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ అనే ఇద్దరు, బడిలో తీవ్రంగా అల్లరి చేసే పిల్లలు నలుగురిని గమనించారు. కొందరి అల్లరి టీచర్ చూపు కోసం, కొందరిది కష్టమైన పని నుంచి తప్పించుకోవడం కోసం. చూపు కావాల్సిన పిల్లలకు "నేను బాగా చేస్తున్నానా?" అని అడగడం, పని కష్టమైన పిల్లలకు "నాకు అర్థం కావట్లేదు" అని చెప్పడం నేర్పారు. అల్లరి తగ్గింది. కారణం తప్పుగా పట్టి, వేరే వాక్యం నేర్పితే తగ్గలేదు. మన బడిలో ఆ వాక్యాలు ఇలా ఉంటాయి: "మేడం, నా పలక సూడండి." "మేడం, నాకిది రాట్లేదండి." ఈ రెండు వాక్యాలకూ ఎంత పనిలో ఉన్నా వెంటనే పలకండి. వాడు పలక విసిరేదాకా ఆగకండి.

మూడో మెట్టు: వెంటనే

మాటకూ దాని ఫలితానికీ మధ్య ఎడం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. సాయంత్రం ఇచ్చే చాక్లెట్ పొద్దున్న అన్న మాటను చేరదు. చంటిపిల్లల విషయంలో మరీ.

2003లో మైకేల్ గోల్డ్‌స్టీన్, ఆండ్రూ కింగ్, మెరెడిత్ వెస్ట్ ఎనిమిది నెలల పిల్లల మీద చేసిన పని నాకు చాలా ఇష్టం. కొందరు తల్లులకు, బిడ్డ చప్పుడు చెయ్యగానే నవ్వి, దగ్గరికి జరిగి, ముట్టుకొమ్మని చెప్పారు. మిగతా తల్లులూ అన్నే సార్లు నవ్వారు, ముట్టుకున్నారు, కానీ బిడ్డ చప్పుడుతో సంబంధం లేకుండా. వెంటనే పలికిన తల్లుల బిడ్డలే "బాబాబా" లాంటి, మాటకు దగ్గరైన చప్పుళ్ళు ఎక్కువ చేశారు. ప్రేమ రెండు రకాల తల్లులకూ ఉంది, తేడా సమయంలోనే వచ్చింది.

మా వీధిలో ఒక మామ్మ చాటలో బియ్యం చెరుగుతూ పక్కన మనవణ్ణి పడుకోబెట్టుకుంటుంది. వాడు "గా" అంటే చాట ఆపుతుంది. వాడి వైపు వంగి "గా... ఏటి నాయనా, ఏటి కావాల?" అంటుంది. మళ్ళీ చెరుగుతుంది. వాడు మళ్ళీ "గా" అంటాడు. చాట ఆగుతుంది. ఆమెకు ఎవరూ నేర్పలేదు. చాట చప్పుడు ఆగడమే వాడికి గిట్టుబాటని నేను చాలాసేపు నిలబడి చూశాకే అర్థమైంది. ఆ మామ్మ చేతిలో చాట బదులు ఫోనుంటే వాడి "గా" ఎవరికీ వినబడదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. పేరు పెట్టి పిలిస్తే తిరగని బిడ్డకూ, ఏడాదిన్నర వచ్చినా ఒక్క మాటా రాని బిడ్డకూ, రెండేళ్ళకు రెండు మాటలు కలపలేని బిడ్డకూ ముందు చెవి పరీక్ష చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళలోపు పిల్లలకు పరీక్ష ఉచితం. మీ అంగన్‌వాడీలోనో బడిలోనో అడగండి. వినబడని బిడ్డ దగ్గర ఈ మెట్లన్నీ ఎక్కితే కాలం వృథా.

నాలుగో మెట్టు: గీతను కొద్దికొద్దిగా పైకి జరపండి

పూర్తి వాక్యం వచ్చేదాకా పలకకుండా కూర్చుంటే ఆ వాక్యం ఎప్పటికీ రాదు. ఈవేళ వచ్చినదానికి ఈవేళే గిట్టుబాటు ఇచ్చి, వారానికి ఒక గీత పైకి జరపాలి.

అమెరికాలోని కాన్సాస్‌లో పేద పిల్లల బడిలో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ 1975లో చేసి చూపించిన పద్ధతిని నేను మా బడికి మలుచుకున్నాను. బంతుల్ని, రంగు సుద్దల్ని, పూసల్ని బీరువా పై అరలో పెట్టాను. కనబడతాయి, అందవు. మొదటి వారం పిల్ల దగ్గరికొచ్చి "బంతి" అంటే చాలు, వెంటనే చేతికిచ్చాను. రెండో వారం "ఏ బంతి?" అని ఒక్కసారి అడిగాను, "ఎర్రబంతి" అంటే ఇచ్చాను. నాలుగో వారానికి "ఎందుకు?" అని చేర్చాను. "ఎర్రబంతియ్యండి, మాం గోడకాడ ఆడుకుంటాం." కోరికకు కారణం చెప్పాల్సి వచ్చినప్పుడే వాక్యం పొడవవుతుంది. ఎందుకో చెప్పించడం హార్ట్, రిస్లీల దగ్గర నేర్చుకున్నదే.

ఒక్కసారి అడగండి, రెండుసార్లు కాదు. పిల్ల తడబడితే మీరే "ఎర్రబంతి" అని అందించి, బంతి ఇచ్చేయండి. ఆకలి మీద, దాహం మీద ఈ పని ఎప్పుడూ చెయ్యకండి. నీళ్ళడిగిన పిల్లకు వాక్యం కోసం నీళ్ళు ఆపడం క్రూరం. రెండు రోజులు వరసగా పిల్ల బీరువా వైపే రాలేదంటే గీత ఎక్కువ ఎత్తారని అర్థం, కిందికి దించండి.

అయిదో మెట్టు: దిద్దకండి, అదే మాటను నిండుగా తిరిగి అనండి

దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మన ప్రాంతపు పిల్లల నష్టమంతా ఇక్కడే ఉంది.

రెండున్నరేళ్ళ పిల్ల "నాన్న వచ్చింది" అంటుంది. ఇంట్లో ఎవరూ అలా అనరు. "అమ్మ వచ్చింది", "ఆవు వచ్చింది" విని తనే కట్టుకుంది. వినని వాక్యాన్ని బిడ్డ కట్టగలదన్న వాదనతోనే భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ 1959లో స్కిన్నర్ పుస్తకాన్ని తీవ్రంగా విమర్శించాడు. ఆ విషయంలో నేను చామ్‌స్కీ పక్షమే. వ్యాకరణం గిట్టుబాటుతో రాదు. 1970లో రోజర్ బ్రౌన్, కమిల్ హాన్లన్ తల్లులూ పిల్లలూ మాట్లాడుకున్న మాటల్ని పరిశీలిస్తే, తల్లులు ఒప్పుకున్నదీ కాదన్నదీ ఎక్కువగా నిజానిజాలను బట్టే, వ్యాకరణాన్ని బట్టి కాదని తేలింది. మన ఇళ్ళలోనూ అంతే. నాన్న నిజంగా వస్తే, "నాన్న వచ్చింది" అన్నా "అవునమ్మా, వచ్చాడు" అంటాం. నాన్న రాకపోతే, "నాన్న వచ్చాడు" అని తప్పు లేకుండా చెప్పినా "ఎక్కడే?" అంటాం.

మరి గిట్టుబాటు చేసే పనేంటి? పిల్ల నోరు విప్పుతుందా లేదా, ఎంతసేపు, ఎవరి ఎదుట, ఏ విషయం మీద: ఇవన్నీ అది తేలుస్తుంది. నా రెండో తరగతి పిల్లకు "నాను"ను మాన్పించాలని నేను దిద్దాను. "నాను" మానలేదు. ఇంట్లో, వీధిలో, నీళ్ళ పంపు దగ్గర హాయిగా అంటూనే ఉంది. మానినది నా ఎదుట మాట్లాడటం. దండన ఎక్కడ పడిందో అక్కడే, ఎవరి ఎదుట పడిందో వాళ్ళ ఎదుటే మాటను నొక్కేస్తుంది. బదులుగా కొత్త మాటేదీ నేర్పదు.

పైగా "నాను", "నేదు", "బేగి", "ఏటి" తప్పులు కావు, ఈ నేల మాటలు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, జనం నోటి మాటే చదువుకు దారి కావాలని జీవితమంతా పోరాడాడు. ఆయన పుట్టిన రోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాషలో పుస్తకాలు రాశాడు. ఆ ఊరవతలి పిల్లల మాటకు ఆయన అంత విలువిచ్చాడు. అదే నేల మీద నిలబడి నేను "నాను కాదు" అన్నాను.

ఇప్పుడు నేను చేసేది రెండు పనులు.

ఒకటి, జవాబు ముందు, రూపం తర్వాత. పిల్ల "నాను రానేదండి, మాయమ్మకి జొరమొచ్చింది" అంటే, "అయ్యో, మీ అమ్మకి జ్వరం వచ్చిందా? అందుకని నువ్వు రాలేదా? ఇప్పుడెలా ఉంది?" అంటాను. పుస్తకం మాట నా నోట వినబడుతుంది. ఆమె మాటకు దక్కాల్సింది ఆమెకు దక్కుతుంది. "మళ్ళీ చెప్పు" అనను.

రెండు, బోర్డు మీద నిలువు గీత గీస్తాను. ఎడమ పక్క ‘ఇంటి మాట’, కుడి పక్క ‘పుస్తకం మాట’. శనివారం చివరి అరగంట. పిల్లలు ఇంటి నుంచి ఒక మాట తేవాలి. తెచ్చిన పిల్ల పేరు పిలిచి, ఆ మాటను పెద్ద అక్షరాలతో రాస్తాను. బేగి అంటే త్వరగా. కూకోడం అంటే కూర్చోవడం. గుంటడు అంటే పిల్లవాడు. కుడి పక్క మాటను తరగతి అంతా కలిసి వెతుకుతుంది. తన మాట సుద్దముక్కతో బోర్డెక్కడం చూసిన పిల్ల మొహం ఒక్కసారి గమనించండి. రెండు నెలలకు పిల్లలు తామే "ఇది పరీక్షలో రాసేది, ఇది మామ్మతో అనేది" అని విడదీస్తారు. దిద్ది దిద్ది అలిసిపోయిన ఏళ్ళలో నా తరగతిలో ఇది ఎప్పుడూ జరగలేదు.

ఆరో మెట్టు: మారాముకి గిట్టుబాటు ఆపండి

దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. కోట దగ్గర జనంలో నిలబడి సిరిమాను కోసం చూస్తున్నాం. మా పక్కనే ఒక తల్లి, నాలుగేళ్ళ బాబు. "అమ్మా, బూర కొను." తల్లి వినిపించుకోలేదు. "అమ్మా, బూర." "ఇప్పుడు కాదు." కాళ్ళు నేలకేసి కొట్టాడు. "నోర్ముయ్." చీర కుచ్చిళ్ళు పట్టి లాగాడు. తర్వాత దుమ్ములో పొర్లాడు. నలుగురూ చూస్తున్నారు. తల్లి పది రూపాయలు తీసి బూర కొంది.

ఆ తల్లిని తప్పుపట్టను, ఆ జనంలో నేనైనా కొనేదాన్నేమో. కానీ జరిగినదేంటో చూడండి. మెల్లగా అడిగిన మాటకు గిట్టుబాటు లేదు, పొర్లాటకు ఉంది. వచ్చే జాతరలో ఆ బాబు మొదటి నాలుగూ దాటేసి నేరుగా దుమ్ములోకి వెళ్తాడు. ఒక్కోసారి కొని ఒక్కోసారి కొనకపోతే మరీ కష్టం. అప్పుడప్పుడూ మాత్రమే దొరికే ఫలితం నిలబెట్టిన అలవాటు చాలా మొండిదని ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లోనే వివరంగా చూపించారు. ఎప్పుడు దొరుకుతుందో తెలియనప్పుడు పిల్ల ఆగడానికి కారణం ఉండదు.

ఇంటి దగ్గరే తేల్చుకుని బయల్దేరండి. కొనేదుంటే మొదటిసారి మెల్లగా అడిగినప్పుడే కొనండి. కొననిదుంటే ఒక్కసారి కారణం చెప్పి, ఇక చివరిదాకా కొనకండి. ఏడుపు ముందు పెరుగుతుంది, తర్వాతే తగ్గుతుంది. ఈ పెరగడం చూసి "ఈ పద్ధతి పనిచెయ్యట్లేదు" అని చాలామంది సరిగ్గా అప్పుడే లొంగిపోతారు. అప్పుడు లొంగితే ముందుకంటే పెద్ద ఏడుపుకి గిట్టుబాటు ఇచ్చినట్టు. ఏడుపు ఆగి, పిల్ల మామూలుగా ఒక్క మాట అనగానే, ఏ మాటైనా సరే, వెంటనే పలకండి. గిట్టుబాటు ఆపడం సగం పనే. ఆ మెల్లని మాటకు అది దొరకాలి.

ఏడో మెట్టు: మెచ్చుకోలు కొంచెంగా

"గుడ్", "వెరీ గుడ్", చప్పట్లు ప్రతి మాటకీ వద్దు. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్‌బెట్ చూపించినది: బొమ్మలు గీయడం ఇష్టమైన పిల్లలకు, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇస్తే, తర్వాత వాళ్ళు తమంతట తాము గీయడం తగ్గిపోయింది. ఇష్టంగా మాట్లాడే పిల్లకు ఊఁ చాలు, తిరుగు ప్రశ్న చాలు. చప్పట్లు అసలు నోరు విప్పనివాళ్ళకే దాచుకోండి, అదీ చప్పట్లకు వాళ్ళు సిగ్గుపడకపోతేనే.

ఎనిమిదో మెట్టు: ఫోనులో మాట

మా ఊళ్ళో సగం ఇళ్ళలో రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగుతుంది. చెన్నైలో మేస్త్రీ పనిలో ఉన్న తండ్రి.

"తిన్నావేటి?" "తిన్నాను." "బడికెల్లినావా?" "ఎల్లినాను." "మరి మామ్మకియ్యి."

నాలుగు మాటల్లో అయిపోయింది. రోజంతా ఆ పిలుపు కోసం ఎదురుచూసిన బిడ్డ అది. తండ్రికి ప్రేమ లేక కాదు. అవునూ కాదూ తప్ప వేరే జవాబు లేని ప్రశ్న వేస్తే, ఆ జవాబు తర్వాత ఊఁ కొట్టడానికి ఏమీ మిగలదు.

1955లోనే మనస్తత్వ శాస్త్రవేత్త విలియం వెర్‌ప్లాంక్ తన విద్యార్థుల చేత మామూలు కబుర్ల మీద ప్రయోగం చేయించాడు. మొదట పది నిమిషాలు ఎదుటివాళ్ళు ఎన్ని ఉద్దేశాలు చెబుతున్నారో ఊరికే లెక్కపెట్టడం. తర్వాత పది నిమిషాలు, ఎదుటివాళ్ళు "నా ఉద్దేశంలో", "నాకనిపిస్తుంది" అన్నప్పుడల్లా ఒప్పుకోవడం, లేదా వాళ్ళ మాటే తిరిగి అనడం. ఆఖరి పది నిమిషాలు ఒప్పుకోవడం మానెయ్యడం. ఉద్దేశాలు మధ్యలో పెరిగాయి, చివర్లో తగ్గాయి. ఎదుటివాళ్ళ మాటనే తిరిగి అనడం ఎంత బలమైనదో తండ్రులకు చెప్పడానికి నేను ఈ ప్రయోగాన్నే వాడతాను.

ఇలా చెయ్యండి. ఫోను మోగకముందు మామ్మ బిడ్డతో ఒక్క సంగతి సిద్ధం చెయ్యాలి: "దూడ పుట్టిందని మీ నాన్నకి సెప్పు." తండ్రి మొదటి మాటే "ఈవేళ ఏటి సూసినావు?" అయ్యుండాలి. బిడ్డ "దూడ పుట్టింది" అంటే, "దూడ పుట్టిందా!" అని అదే మాట తిరిగి అనాలి. ఆపైన ఊఁ. మూడు సెకన్లు ఆగాలి. ఆ మౌనంలోంచి బిడ్డ రెండో వాక్యం వస్తుంది: "నల్లదే, మొకం మీద తెల్ల మచ్చుంది." తిన్నావా, పడుకున్నావా అన్నవి మామ్మని అడగొచ్చు. మా తరగతిలో ఇద్దరు తండ్రులకు ఇది నేనే ఫోనులో చెప్పాను. ఒకాయన మర్నాడు ఫోన్ చేసి, తన కూతురు పదకొండు నిమిషాలు మాట్లాడిందన్నాడు. ఇంకేమీ అనలేకపోయాడు.

తొమ్మిదో మెట్టు: మీ ఊఁని పలచన చెయ్యండి

కొత్త మాటకు ప్రతిసారీ పలకాలి. కుదురుకున్నాక రెండు మూడు సార్లకొకసారి చాలు, అదే దాన్ని నిలబెడుతుంది. తరగతిలో పక్క పిల్లలే ఊఁ కొట్టే ఏర్పాటు చెయ్యండి. ఇద్దరిద్దరు, ఎదురెదురుగా, ఒకరు చెప్పాలి, ఒకరు ఊఁ కొట్టి చివర ఒక ప్రశ్న వెయ్యాలి. టీచర్ వెళ్ళిపోయినా మాట నిలవాలంటే అది ఒక్క టీచర్ చెవి మీదే ఆధారపడకూడదు.

నెల తిరిగాక మళ్ళీ వారం పాటు మూడు గళ్ళ పేజీ రాయండి. పాత పేజీ పక్కన పెట్టి, పిల్ల అన్న మాటలు లెక్కపెట్టండి. ఉద్దేశాలు వద్దు, లెక్క చాలు.

ఆ రెండో తరగతి పిల్ల తల్లి ఒకరోజు బడికొచ్చింది. చేలోంచి నేరుగా, కాళ్ళకు బురద. "మా గుంట ఇంకా నాను అంటాదేటండి? మీరు దిద్దరేటి? మాలాగే మిగిలిపోద్ది" అంది. ఆమె భయంలో న్యాయముంది, ఆ మాట వల్ల ఆమె ఎక్కడెక్కడ చిన్నబోయిందో నాకు తెలుసు. వాదించలేదు. నోటుబుక్కు తీసి జూన్ పేజీ చదివాను: "తెల్దండి." నవంబరు పేజీ చదివాను. వంశధార పొంగినప్పుడు వాళ్ళ నాన్న పడవలో గేదెల్ని దాటించిన సంగతి, పేజీన్నర, అంతా ఆ పిల్ల నోటి మాటల్లోనే, మధ్యలో రెండు చోట్ల "వెళ్ళాం" కూడా ఉంది.

తల్లి ఆ పేజీ మీద వేలు పెట్టింది. ఆమెకు చదవడం రాదు. "ఇదంతా మా గుంటే సెప్పిందా?" అని అడిగింది.

"అంతా తనే చెప్పింది" అన్నాను. "ఇంకోసారి చదవనా?"

"సదవండి" అని, కొంగు నడుముకు దోపుకుని నేల మీదే కూర్చుంది.